మూడు నొక్కులు, ఒక ఊపిరి

పదహారేళ్లుగా నాకు అన్నం పెడుతున్న స్పానరు మీద ఒట్టు... ఇది జరిగింది. నాకే జరిగింది. తాగి వాగుతున్నానని ఎవరైనా అనుకుంటే ఇప్పుడే లేచి వెళ్లండి, నేను ఆపను.

తడ దగ్గర పులికాట్ ఒడ్డున నాకు బోటు మోటర్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఎదురుగా, నీళ్ల మధ్య ఒక దీవి. అక్కడివాళ్లు ఆసుపత్రికి రావాలన్నా, శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు పోవాలన్నా బోటే గతి. మోటరు మొరాయిస్తే నా దగ్గరికి రావాల్సిందే. అందుకే నాకు కాస్త పొగరు. వచ్చిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేవాణ్ణి... నీ పెట్రోల్లో నీళ్లు కలిశాయి, ట్యాంకు కడుక్కో అని. చాలాసార్లు అది నిజమే అయ్యేది. కానప్పుడు ఏమయ్యేదో నేను పట్టించుకోలేదు.

మునిరత్నం ఆ దీవివాడు. షిఫ్టు జనాన్ని బోటులో దాటించేవాడు. అతని మోటరు నడిసరస్సులో నీరసపడుతోందని నాలుగుసార్లు వచ్చాడు. నాలుగోసారి చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"బల్బు నొక్కితే లేస్తా ఉండాదప్పా. వదిలితే పడిపోతా ఉండాది. పంపు ఒకతూరి ఇప్పి సూడు."

బల్బంటే లైటు కాదు. ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే పైపు మధ్యలో చిన్న వంకాయంత రబ్బరు ఉబ్బు ఉంటుంది. మోటరు స్టార్టు చేసే ముందు దాన్ని చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కిస్తాం. ఆ తర్వాత ఇంజను తన పంపుతో తానే లాక్కోవాలి. నడుస్తున్న ఇంజను బల్బు నొక్కితేనే లేస్తోందంటే... పంపు పోయినట్టే. ఈ పని నేర్చుకునే ప్రతివాడికీ మొదట చెప్పే పాఠం అది.

నాకు తెలియదా? తెలుసు. కానీ షెడ్డులో డ్రమ్ము నీళ్లలో పెట్టి తిప్పితే మోటరు బ్రహ్మాండంగా తిరిగింది. బరువు లాగేటప్పుడు కదా దాని బండారం బయటపడేది. ఒక్కసారి నీళ్ల మీదికి పోయి చూడ్డానికి నాకు బద్ధకం. ఫిల్టరు కడిగి పంపేశాను. నాలుగుసార్లూ అదే చేశాను.

ఆ నెలలోనే ఒక రాత్రి మునిరత్నానికి గుండెల్లో నొప్పి వచ్చింది. తమ్ముడు సెల్వం బోటు తీశాడు. భార్య ధనమ్మ మొగుడి తల ఒళ్లో పెట్టుకుంది. రేవులో అంబులెన్సు వచ్చి నిలబడి ఉంది. సగం దారిలో మోటరు నీరసపడింది. పడుకున్న మునిరత్నమే చెయ్యి చాపి బల్బు నొక్కుతూ వచ్చాడట. తను నొక్కుతానని ధనమ్మ అంటే వదల్లేదట. రేవు దీపాలు కనిపిస్తుండగా ఆ చెయ్యి జారిపోయింది. వెనకే మోటరు ఆగిపోయింది.

మునిరత్నం పదో రోజు కర్మలో అందరి ముందూ నన్ను అడిగారు, ఎందుకు ఆగిందని. నేనేమన్నానో తెలుసా? పెట్రోల్లో నీళ్లు అన్నాను.

ఆ రోజు ట్యాంకు నింపింది సెల్వం. ఇక చూడండి... అన్నను చంపిన తమ్ముడని ఊరు ఊరంతా వాడి మీద పడింది. వాడు బోటు ముట్టుకోవడం మానేసి శ్రీ సిటీలో లోడింగు పనికి పోయాడు. మోటరు నా షెడ్డుకు చేరింది. ధనమ్మ షిఫ్టుకు పోతూ రోజూ షెడ్డు ముందు ఒక్క క్షణం ఆగేది. మోటరు వైపు చూసి పోయేది. ఆ చూపు భరించలేకపోయాను. మోటరు బాగుందని, నా మాటే నిజమని రుజువు చేయాలనుకున్నాను. ఎంత నీచుణ్ణో చూడండి.

కొత్త పెట్రోలు పోశాను. ఫిల్టరు మార్చాను. ట్యాంకులోకి గాలి పోయేందుకు మూత మీద ఉండే గాలి మర విప్పానా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. ఆఖరి ట్రిప్పు వెళ్లిపోయాక, చీకటి పడుతుండగా, ఆ మోటరును దాని పాత బల్బు పైపుతోనే నా బోటుకు బిగించుకుని ఒక్కణ్ణే బయలుదేరాను. బోటులో బరువుకు ఇసుక మూటలు వేసుకున్నాను. దీవి దాకా మోటరు గుర్రంలా పోయింది. పాట కూడా పాడుకున్నాను.

తిరిగి వస్తుంటే... వలలు కట్టే గుంజల దగ్గర... శబ్దం మారింది.

ముందు సన్నగా. తర్వాత గొంతు పట్టేసినట్టు. బోటు ముక్కు కిందికి దిగింది. మోటరు ఆగిపోతోంది. మంచి పెట్రోలుతో... ఆగిపోతోంది. నాకు చెమట పట్టింది. భయంతో కాదు, సిగ్గుతో.

అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్.

కాళ్ల దగ్గర. చాలా చిన్న శబ్దం. బల్బు లోపలి వాల్వు కొట్టుకునే శబ్దం... నాకు తెలియనిది కాదు. మోటరు ఒక్కసారిగా లేచింది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ... టక్... టక్... టక్.

ఫోను లైటు కిందికి తిప్పాను.

బల్బు నొక్కుకుంటోంది. దానంతట అదే. ఒక పక్క నాలుగు సొట్టలు... రెండో పక్క ఒకటి. వేళ్లు పడే చోట్లు. సొట్ట పడుతోంది... ఉబ్బుతోంది... మూడుసార్లు. తర్వాత ఊపిరి తీసుకున్నంత సేపు ఆగుతోంది. గాలి లేదు. పెట్రోలు వాసన తప్ప ఏ వాసనా లేదు. కాళ్లు వెనక్కి లాక్కుని కూర్చుండిపోయాను.

రేవు దీపాలు కనిపించాయి. మూడు నొక్కులు రెండయ్యాయి. రెండు ఒకటైంది. మధ్యలో విరామం పెరిగింది. నేను చెయ్యి చాపి నొక్కొచ్చు... అడుగు దూరం. చెయ్యి చాపలేదు. ఆఖరిసారి సొట్ట సగమే పడింది. మోటరు ఆగిపోయింది.

గడ వేసి ఎలాగో ఒడ్డు చేరాను. పొద్దున్నే పంపు విప్పాను. లోపలి పలచటి రబ్బరు పొర చిరిగి ఉంది. చిరుగు అంచులు నల్లబడి ఉన్నాయి. అది నిన్నమొన్నటిది కాదు.

బల్బు సంగతి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ట్యాంకులోకి గాలి పోకపోతే బల్బు లోపలికి నొక్కుకుపోతుంది, నిజమే. కానీ గాలి మర విప్పే ఉంది. పైగా అలా నొక్కుకుపోయిన బల్బుతో ఇంజను చస్తుంది గానీ లేవదు. మరి అదేమిటి? నా తప్పు నా కళ్లకు కట్టిందా? వేళ్ల సొట్టలు నేనే ఊహించుకున్నానా? తెలియదు.

ఆ సాయంత్రమే దీవికి పోయాను. సెల్వం తప్పు లేదని, పంపే పోయిందని, నాలుగుసార్లు చెప్పినా నేనే చూడలేదని నలుగురిలో చెప్పాను. సెల్వం లేచి వెళ్లిపోయాడు. జనం కూడా వెళ్లిపోయాక ధనమ్మకు మిగతాది చెప్పాను. బల్బు దానంతట అదే నొక్కుకుందన్నాను, అంతే. ఎన్నిసార్లో చెప్పలేదు.

ఆమె నీళ్ల వైపు తిరిగింది.

"మూడు నొక్కి ఊపిరి తీసుకుంటా ఉన్నిందా?"

తలూపాను.

"ఆకర్న నిలిసిపోయినప్పుడు... నువ్వు సెయ్యి పెట్టి నొక్కినావా?"

లేదన్నాను.

"అంటే ఈ తూరి కూడా ఆయన సేతనే నొక్కించినావు."

కొంగు సర్దుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ బల్బు నొక్కింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం కాదు.