మామగారి కుళాయి

మా మామగారికి తెలియని విషయం భూమ్మీద లేదు. అన్నం ఎలా వార్చాలో, జ్వరమొస్తే ఏం తినాలో, కౌన్సిలరుకి ఓటెందుకు వేయకూడదో, అన్నీ గుమ్మంలో కుర్చీ వేసుకుని చెబుతారు. వినేవాళ్ళున్నా లేకపోయినా ఒకటే. మునిసిపాలిటీలో నీళ్ళు వదిలే పని చేసి రిటైరయ్యారు. అందుకని ఆయన లెక్కలో కౌన్సిలర్లందరూ దొంగలే గానీ, కుళాయి నీళ్ళని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు.

నేను నీళ్ళు కాచి చల్లారబెడితే ఒంటికాలి మీద లేచేవారు. "కాస్తే సత్తువంతా పోతుందమ్మాయ్! మీ పుట్టింటి రోగిష్టి వేషాలు ఇక్కడ వేయకు" అనేవారు. నేను అటు తిరగ్గానే నా కూతురికి కుళాయి నీళ్ళు పట్టేవారు. చూసినప్పుడల్లా అరిచాను. మా ఆయన "పెద్దాయనతో నీకెందుకు?" అంటూ చొక్కా తగిలించుకుని చల్లగా జారుకునేవారు. తండ్రీ కొడుకులిద్దరూ నాకు కడుపుమంటే.

ఈమధ్య మా వీధిలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నా కూతురికి ఆసుపత్రిలో సెలైను ఎక్కించి ఇంటికి పంపారు. కళ్ళు గుంటలు పడ్డాయి, పిలిస్తే పలకడానికి ఓపిక లేదు. మామగారు గుమ్మంలో కూర్చుని, చూడొచ్చిన ఇరుగుపొరుగుకి తీర్పు చెప్పేశారు.

"నీళ్ళ వల్ల కాదయ్యా! మా కోడలు నిన్నటి కూర వేడిచేసి పెట్టింది."

ఆ నిన్నటి కూర తిన్నది ఆయనా, నేనూ. పిల్లకి పెట్టింది అప్పుడే వండిన అన్నం. అయినా పక్కింటావిడ నన్ను ఎగాదిగా చూసింది.

ఇవాళ పొద్దున ఆసుపత్రి నుంచి నర్సమ్మ నీళ్ళ పరీక్షకి సీసాలు పట్టుకొచ్చింది. నీళ్ళు చెడ్డవని తేలితే గొట్టం మారుస్తారట, అందాకా ట్యాంకరు పంపుతారట. ఆవిడ పక్కింటివాళ్ళతో మాట్లాడుతుంటే, "ఇలా తే అమ్మా, నేను పట్టిస్తా" అని మామగారు సీసా అందుకుని వంటింట్లోకి వచ్చారు. మూల కూర్చుని మందు కలుపుతున్న నన్ను చూసుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. నా కాచిన నీళ్ళ బిందె మూత తీశారు.

గొట్టం మురిక్కాలువలోంచి పోతుందని ఆయనకి కాక ఇంకెవరికి తెలుసు!

సీసా లాగేసుకున్నాను. "నర్సమ్మగారూ, ఇవి నేను కాచిన నీళ్ళు! ఇంకో సీసా తీసుకుని మీరే రండి" అని వీధి వినేలా అరిచాను. ఆవిడ లోపలికి వచ్చి, స్వయంగా కుళాయి కింద పట్టుకుని వెళ్ళింది.

"నా పరువు తీసేశావు కదా! ఇన్నేళ్ళూ ఈ చేతులతో వదిలాను ఆ నీళ్ళు" అన్నారు. నాకు వీసమెత్తు జాలి కలగలేదు.

"ఆ చేతులతోనే కదా మామయ్యా, పిల్లకీ పట్టారు" అన్నాను.

లోపల్నుంచి పిల్ల "తాతా, దాహం" అంది. ఆయన గబుక్కున గ్లాసు అందుకోబోయారు. ఆ గ్లాసు నేను తీసుకున్నాను.

"మీరు దాని దగ్గరికి రాకండి."