గడి గుమ్మంలో నాయనమ్మ చెప్పులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు జీతం నెలకోసారి వచ్చేది గానీ కోపం మాత్రం పూటపూటకీ వచ్చేది. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి గదికి చేరేలోపే లోకంలోని ఏదో ఒక అన్యాయం మీద ఉపన్యాసం తయారైపోయేది. వినే దిక్కు లేక (గదిలో ఉండే మిత్రుడు నన్ను చూడగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాడు) అవన్నీ కడుపులోనే ఉండిపోయేవి. సరిగ్గా అప్పుడే ఝరాసంగం వైపు మా ఊరి గడిని, అంటే దొరలు కాపురమున్న పాత కోటలాంటి ఇంటిని, దాని తోటను దొర కుటుంబం వాళ్లు సందర్శకులకు తెరిచారు. రోడ్డు మీద పెద్ద బోర్డు: ‘చారిత్రక కోట, ఉద్యానవనం’. కోటట, కోట! మా ఊళ్లో పుట్టిన మనిషెవరూ దాన్ని గడి అని తప్ప ఇంకో మాట అని ఎరగరు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా కోపానికి కారణం మా నాయనమ్మ. చిన్నప్పుడు ఆమె వాళ్లమ్మతో కలిసి వెనక దొడ్డిదారిన ఆ తోటకు కడవలతో నీళ్లు మోసింది. గడి ముందు నుంచి నడిచేవాళ్లెవరైనా సరే చెప్పులు విప్పి చేత పట్టుకుని పోవాలన్నది అప్పటి కట్టుబాటు. (నీళ్లు మోసిన కాలంలో ఆమెకు చెప్పులే లేవు కనుక ఆ బాధ లేదు. పెళ్లయ్యాక చెప్పులు వచ్చాయి, వాటితో పాటు విప్పడమూ వచ్చింది.) అందుకని ఆమెను పెద్ద దర్వాజాలోంచి, కాళ్లకు చెప్పులతో, దర్జాగా నడిపించుకుపోవాలని తీర్మానించేశాను. ఆమెను అడగాలన్న ఆలోచనే రాలేదు. బజారులో కొత్త చెప్పులు కొని, ఆదివారం పొద్దున ఊరికెళ్లి ఆమె ముందు పెట్టాను.

“గా గడిల నాకేం పనిరా బిడ్డా?” అంది.

“పని కాదు నాయనమ్మా, హక్కు!” అన్నాను.

“హక్కా? అయితె జర చాయ్ తాగి పోదాం తియ్” అంది.

ఊరి బయట గడి దగ్గర షేర్ ఆటో దిగి, మెట్లెక్కి దర్వాజా దాకా నడిచాం. ఇంకో అడుగు వేస్తే లోపలుంటాం అనగా నాయనమ్మ ఆగింది, వంగింది, చెప్పులు రెండూ విప్పి చంకలో పెట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. “వేసుకో! ఇప్పుడు ఎవ్వరూ ఏమనరు!” అని అరిచాను. ఆ అరుపుకు లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పైజామా, నెరిసిన మీసాలు. ఇప్పటి దొర ఆయనే, గైడూ ఆయనే. వచ్చినవాడు ఊరుకున్నాడా! “చెప్పులేసుకో అవ్వా, బండలు కాలుతున్నయి” అన్నాడు. నా ఉపన్యాసానికి అక్కడే గండి పడింది. దొర వేసుకోమంటున్నాడు, ఈమె వేసుకోనంటోంది, ఇక నేను తిరగబడేది ఎవరి మీద?

“అలవాటైంది దొరా” అంది నాయనమ్మ.

దొర గడి అంతా తిప్పి చూపించాడు. తాతగారి కుర్చీ, తాతగారి తుపాకీ, తాతగారు కొట్టిన పులి. ఆ పులి పక్కన పెళ్లి కాబోయే జంటొకటి ఫోటోలు దిగుతోంది. నేను పళ్లు కొరుకుతూ వెనక నడుస్తున్నాను. తోటలోకి వచ్చాక దొర చెయ్యి గాలిలో ఊపి, “మా తాతగారి కాలంల ఊరోళ్లందరు ఈ తోటకు వచ్చేటోళ్లు” అన్నాడు.

“వచ్చేటోళ్లం దొరా” అంది నాయనమ్మ, “కడవలు నెత్తిన పెట్టుకొని.”

దొర దగ్గాడు. ఆ తర్వాత తాతగారి ప్రస్తావన కొంచెం తగ్గింది. నాయనమ్మ ఒక సంపెంగ కొమ్మను కిందికి వంచి వాసన చూసింది. అంతే, వాచ్‌మన్ ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. “ఓ ముసలమ్మా, చెయ్యి తియ్! బోర్డు కనవడ్తలేదా?”

ఇంక చూసుకోండి నా ప్రతాపం! నెలల తరబడి కడుపులో దాచుకున్నదంతా పాపం ఆ వాచ్‌మన్ నెత్తిన కుమ్మరించాను. “ఈ చెట్లకు నీళ్లు పోసింది ఎవరనుకున్నవ్? వాసన చూస్తె మీ సొమ్మేం పోతది?” అన్నాను. వాడు “నాకేం ఎరుక సార్, బోర్డు నేను రాయలే” అన్నాడు. అయితే ఆ బోర్డును లోకానికంతా చూపిస్తానని ఫోను తీసి ‘పువ్వులు తాకరాదు’ అన్న అక్షరాలు సరిగ్గా పడేలా గురి చూసుకుంటున్నాను.

ఆ హడావుడిలో నాయనమ్మ దర్వాజా దగ్గరికి వెళ్లిపోయిందని చూసుకోలేదు. “దొరా, జర గివి పట్టుకో” అన్న మాట వినబడి తల తిప్పాను. మెట్లు ఎత్తుగా ఉన్నాయి. ఆమె రెండు చేతులూ గోడకు ఆనించి ఒక్కో మెట్టే దిగుతోంది. వెనకాలే దొర దిగుతున్నాడు, మా నాయనమ్మ చెప్పులు రెండు చేతులతో పట్టుకుని. కిందికి చేరాక ఆమె చివరి మెట్టు మీద కూలబడి కాళ్లు చాపింది. దొర వంగి, చెప్పులు ఆమె కాళ్ల ముందు పెట్టాడు. ఆమె తీరిగ్గా తొడుక్కుని, లేచి, రోడ్డు వైపు నడిచింది. టక్కు టక్కుమని నడిచింది.

ఆటోలో ఉండబట్టలేక అడిగాను. “కావాల్నని ఇచ్చినవా నాయనమ్మా?”

“ఏం కావాల్నని? మెట్లు దిగాల్నంటె రెండు చేతులు గోడకు పెట్టాలె. చెప్పులు ఎవరన్న పట్టాలె గదా. నీకిద్దామంటె నువ్వు ఆడ లొల్లి పెట్టుకుంట నిలవడ్తివి” అంది, ఆటో బయటికి చూస్తూ.

దొర వంగిన ఆ క్షణానికి నా దగ్గర ఫోటో లేదు. ఫోను చేతిలోనే ఉంది, బోర్డు వైపు తిప్పి ఉంది. ఆ బోర్డు ఫోటో మాత్రం ఇప్పటికీ ఉంది, అక్షరాలు చక్కగా పడ్డాయి. ఎప్పుడైనా అది కంటబడితే నవ్వొస్తుంది. ఆ కోపిష్టి కుర్రాణ్ణి భుజాలు పట్టుకుని, “ఓరి పిచ్చోడా, జర వెనక్కి చూడరా” అని తిప్పాలనిపిస్తుంది.