రాజకీయం వైపు మనిషి

“...ఆ ముక్క ఈ ఊళ్ళో మాత్రం వద్దంటున్నా. పక్క ఊళ్ళో పాడు, నేను కాదన్నానా?” అన్నాడు యలమందయ్య.

“కథ చెప్పేది నేను. నువ్వు పక్కన వంత పాడేవాడివి. వంతకి ఊరేమిట్రా, ముక్కేమిటి?” అన్నాడు పేరయ్య, అద్దంలో బొట్టు దిద్దుకుంటూ.

యలమందయ్య డక్కీని మంట దగ్గరికి జరిపాడు. చర్మం బిగిస్తేగాని పలకదు. వాళ్ళు దిగిన ఇంటావిడ కోటేశ్వరి, చేలో పీకేసిన మిరపచెట్లు తెచ్చి మంటలో పడేసింది. ఎండుమిరప మంటకి వీధంతా దగ్గాలి. ఎవరూ దగ్గడం లేదు. ఛాతీ ఎత్తు పెరిగిన ఆ చెట్లకి ఒక్క కాయా పట్టలేదు.

కుర్రతనంలో పర్చూరులో పొగాకు కాల్చే బేరన్ల దగ్గర కూలి చేస్తూ పాటలు కట్టేవాడు యలమందయ్య. పేరయ్య విని తన బుర్రకథ దళంలోకి లాక్కొచ్చాడు. అప్పట్నుంచీ పోస్టరు మీద పేరు పేరయ్యది, లోపల పాటలు ఇతనివి. నడుమ పేరయ్య, కుడిపక్క హాస్యగాడు, ఎడమపక్క రాజకీయం చెప్పే యలమందయ్య. కథ మధ్యలో ఆపి ఊరి పెత్తందారు సంగతి, కూలిరేట్ల సంగతి ఎత్తడం అతని వంతు. హాస్యగాళ్ళు ముగ్గురు మారారు. సర్కారు చదువుల ప్రచారానికి అక్షరదీక్ష కథలొచ్చాయి, పోయాయి. రికార్డింగ్ డాన్సులు వచ్చాక పిలిచేవాళ్ళు కరువయ్యారు. యలమందయ్య అవునన్నాడంటే అవునే అనే మాట మాత్రం పల్లెల్లో మిగిలింది.

ఈ పూట డబ్బిచ్చి కథ పెట్టించిన విత్తనాల డీలరు లక్ష్మీకాంత్‌కి కావలసింది ఆ మాటే. యలమందయ్య రాసిన మిరపకోత పాటలో కూలీల మాటలు తీసేసి, తన విత్తనం గొప్ప పెట్టించాడు. ఆ ముక్కలో ప్రతి చరణం చివరా వంత అవుననాలి. పోయినేడు ఈ ఊరికి ఆ విత్తనం అమ్మింది అతనే.

“రెండేళ్ళుగా మనల్ని పిలిచిన నాథుడు ఎవడ్రా?” అన్నాడు పేరయ్య, ఈసారి మెల్లగా.

కోటేశ్వరి ఇంకో మోపు తెచ్చి దించింది. ఇవాళ ఆడవాళ్ళనీ పిల్లల్నీ కథకి రావద్దన్నారని చెప్పింది. ఎవరన్నారో చెప్పలేదు. “నువ్వేమంటావో విందామని వస్తున్నారన్నా మగాళ్ళు,” అని యలమందయ్యతో అని, లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా స్టేజీ ఎక్కారు. కింద పరిచిన పట్టాల మీద ఒక్కరూ కూర్చోలేదు. మగాళ్ళంతా వెనక నిలబడ్డారు, చేతులు వెనక్కి పెట్టుకుని. స్టేజీ వెనక లక్ష్మీకాంత్ మనుషులు బైకుల మీద ఉన్నారు. ఇంజన్లు ఆపలేదు. లక్ష్మీకాంత్ ఓ పక్క కుర్చీ వేయించుకుని, కానివ్వమన్నట్టు తల ఊపాడు.

పేరయ్య తంబురా భుజానికెత్తుకున్నాడు. కింద నిలబడ్డవాళ్ళు అతణ్ణి చూడటం లేదు. వాళ్ళ చూపంతా ఎడమపక్కకే ఉంది.

యలమందయ్య తన చోటు వదిలి రెండడుగులు ముందుకొచ్చి మైకు తన వైపు తిప్పుకున్నాడు.

“అయ్యలారా, ఈ పూట పేరయ్య గారు కథ చెప్పరు. నేను చెప్తాను. ఈ ఊరి మిరప విత్తనం కథ.”