కుడి నుంచి రాసిన లెక్క

మా చిన్నప్పుడు... మందమర్రి బడిలో కాంపోజిట్ లెక్కలంటే మగపిల్లల సొత్తు. బీజగణితం, ఆ పైన పెద్ద చదువులకు దారి అంతా అందులోనే. ఆడపిల్లలకు జనరల్ లెక్కలు... వడ్డీ, లాభం, నష్టం. "ఇంటి ఖర్చు రాసుకోవడానికి అది చాలదూ?" అనేవారు మా లెక్కల సారు. సర్కారు జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినాయన.

నాకు చాలదు! బొగ్గుబాయి కార్మికులు పంచే కరపత్రాలన్నీ ఏరుకొచ్చి చదివేదాన్ని నేను. అన్యాయం అన్న మాట కనిపిస్తే చాలు, చెవులు వేడెక్కేవి...

"నేను కాంపోజిట్ లెక్కలే తీసుకుంట సార్" అన్నాను.

"అయితే రా, బోర్డు మీద చేసి చూపించు."

ఇరవైలోంచి మూడు ఎక్స్‌లు తీసేస్తే ఐదు... ఎక్స్ ఎంత?

ఇంతేనా అనుకున్నాను. మా బాపు బొగ్గుబాయి దగ్గర లెక్కలు రాసే మున్షీ. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడు. ఇంట్లో పలక మీద నాకు బీజగణితం నేర్పింది ఆయనే. ఉర్దూకు అలవాటు పడ్డ చెయ్యి కదా... లెక్కను కూడా కుడి నుంచి ఎడమకే రాసేవాడు. నాకూ అదే వచ్చింది. బోర్డు కుడి చివర మొదలుపెట్టి, ఎడమకు జరుగుతూ, ఒక్కో మెట్టూ కిందికి దించుకుంటూ వచ్చాను. ఎక్స్ ఐదు!

వెనక క్లాసంతా పకపకలు. "ఎండ్రికాయ నడిచినట్టు రాస్తుందిరో!" అని ఒకడి కేక.

సారు ఎడమ నుంచి చదివారు. అలా చదివితే మూడు ఎక్స్‌లలోంచి ఇరవై తీసేసినట్టు కనిపిస్తుంది మరి.

"జవాబు ఒక్కటే సరి. స్టెప్పులన్నీ తప్పు. ఎవరి దగ్గరో చూసి రాశావు. తుడిచేసి వెళ్లి జనరల్‌లో కూర్చో."

చూసి రాశానా?!

"చూసి రాయలే సార్! జర గా కొస నుంచి సదువుండ్రి!"

తుడవలేదు. దాని కిందే మళ్లీ చేశాను, ఈసారి ఎడమ నుంచి. రెండు పక్కలా మూడు ఎక్స్‌లు కలిపాను... రెండు పక్కలా ఐదు తీసేశాను... మూడుతో భాగించాను. ప్రతి మెట్టుకూ ఎందుకో గట్టిగా చెప్పాను. చివరికి ఎక్స్ ఉన్నచోట ఐదు పెట్టి, ఇరవైలోంచి పదిహేను తీసి చూపించాను.

సారు ఒక్కో మెట్టూ సరిచూశారు. "లెక్క సరే... అయినా ఆడపిల్లకెందుకమ్మా ఇదంతా?"

"లెక్క సరైనంక ఇంకేం ముచ్చట సార్?"

వెళ్లి కాంపోజిట్ బెంచీ మీద కూర్చున్నాను. లేవమన్నా లేవలేదు.

ఇంటికొచ్చి చెబితే బాపు పరేషాన్ అయ్యాడు. "నా వల్లనే నవ్విండ్రా బిడ్డా?"

"నవ్వనీ బాపూ... జవాబైతే తప్పు రాలే గదా!"

సారు హాజరు పట్టీలో నా పేరు ఎక్కించలేదు. అందరి పేర్లూ అయ్యాక నేనే లేచి "హాజర్ సార్!" అని అరిచేదాన్ని. రోజూ... చివరికి ఆ ఎండ్రికాయ అన్నవాడే లేచి, "సార్, దీని పేరు రాసుకోండ్రి సార్... రోజు చెవులు పగులుతున్నయ్!" అన్నాడు. సారు నవ్వాపుకోలేకపోయారు. పేరు ఎక్కింది.

తర్వాత కాలేజీలో డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దాకా వెళ్లాను. ఒక్కో దానికి పేజీలకు పేజీలు... ఒక్క మెట్టు కూడా దాటేయకుండా రాసేదాన్ని. చూసి రాశావని ఇంకెవడూ అనకూడదని!

ఇప్పుడు మా మనవరాలు లెక్క మీద ఫోన్ కెమెరా పెడితే చాలు, మెట్లన్నీ వాటంతటవే దిగి వచ్చేస్తున్నాయి. సంతోషమే... కానీ మొన్న ఎవరో ఆ పిల్లతో "మ్యాథ్స్ ఆడపిల్లలకు కష్టం" అన్నారట. ఇది ఏమీ అనకుండా వచ్చేసిందట! ఆ మాటకు జవాబు ఏ ఫోనూ చెప్పదు కదా... నోరు తెరిచి మనమే చెప్పాలి.

"నీకెందుకు" అన్నచోట లేవకుండా కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... మా పిల్లకు చదివి వినిపిస్తాను.