పడమటి ఎండలో సర్వీసు

మా బోగోలులో టెన్నిస్ కోర్టు తూర్పు పడమరలుగా ఉండేది. ఎక్కడైనా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. మావాళ్లు మాత్రం, పక్కనున్న చర్చి ఎటు చూస్తే కోర్టూ అటే చూడాలని గీతలు గీశారు. సాయంత్రం పడమటికి తిరిగి తల ఎత్తితే ఎండ కళ్లలో పొడిచేది. అందుకని మేమంతా బంతిని నుదుటిదాకా మాత్రమే ఎగరేసి, పక్కనుంచి కోసినట్టు సర్వీసు చేయడం నేర్చుకున్నాం.

అరవైల మొదట్లో, అప్పుడప్పుడే పైకొస్తున్న ఆటగాడొకడు మద్రాసు నుంచి మాతో ఆడడానికి వచ్చాడు. గంటసేపు పరిగెత్తినా రొప్పేవాడు కాదు. రోజూ జువ్వలదిన్నె సముద్రపొడ్డు ఇసుకలో పరిగెత్తే నేను కూడా అతని దమ్ముకు చాలను. కానీ బంతిని తాటిచెట్టంత ఎత్తుకు ఎగరేసేవాడు. పడమటికి తిరిగినప్పుడల్లా అది ఎండలో కలిసిపోయేది. నేనే గెలిచాను.

"ఈ కోర్టు ఎవరు వేశారండీ?" అని అతను మా పాస్టరుగారిని అడిగాడు.

"మా పెద్దోళ్లే వేసినారు నాయనా. గుడికి అడ్డంగా వేస్తే ఏం బాగుంటాది?" అన్నారాయన శాంతంగా.

ఆ గెలుపు తలకెక్కి, మరుసటి ఏడు మద్రాసు పోటీలకు వెళ్లాను. మొదటి ఆటే అతనితో పడింది. అక్కడ ఎండ పక్కనుంచి వస్తోంది, పైన ఆకాశమంతా ఖాళీ. నా మెత్తటి సర్వీసులను అతను చితకబాదుతున్నాడు. ఎత్తుగా ఎగరెయ్యమని నన్ను నేనే ఎంత తిట్టుకున్నా, నా ఎడమచెయ్యి బంతిని నుదురు దాటనివ్వలేదు.