పచ్చని గుర్తు

బ్రిస్బేన్‌లోని మా టోంగావాళ్ల చర్చిలో సేయిని పక్కన కూర్చోవడం నాకు ఇష్టం. పాటల పుస్తకం తెచ్చుకోనివాళ్ల ముందుకు తన పుస్తకం జరిపి, తాను చూడకుండా పాడుతుంది. డెంగీ మీద పనిచేసే ల్యాబులో కణాలను పెంచడం ఆమె ఉద్యోగం. వాటికి పోసే ద్రవాన్ని కూడా, పసిపిల్లకు పాలు పట్టేముందు చూసుకున్నట్టు, గోరువెచ్చగా చేసి పోస్తుంది.

"దోమంటే పడదంటావు, దోమ జబ్బునే పెంచి పోషిస్తావు. ఇదేం ఉద్యోగమే?" అని భర్త తెవితా ఏడిపిస్తుంటాడు.

"నిన్ను పోషించట్లేదూ? అదీ అంతే."

నవ్వుతుంది గానీ, ఆ పనిని ఆమె ఎందుకు పట్టుకుని ఉందో మాకు తెలుసు. టోంగాలో ఆమె తమ్ముడి కూతురు లువీసా డెంగీతో పోయింది. మా ఆచారంలో అది మేనత్తకే దక్కే చోటు గనుక, అంత్యక్రియల్లో పిల్ల తలాపున చాప మీద సేయినే కూర్చుంది. "ఇంత చిన్న ఒంట్లో అది ఎక్కడ దాక్కుని పెరిగిందో" అన్న మాట తప్ప ఆవేళ ఆమె నోట మరో మాట రాలేదు.

అది ఎక్కడ దాక్కుంటుందో చూడడానికే ల్యాబు పెద్ద బ్రాన్విన్ ఒక ఉపాయం చేసింది. డెంగీ వైరస్ తన నకళ్లు తీసుకునే ప్రోటీనుకు పచ్చగా వెలిగే గుర్తు తగిలించింది. ఆ వెలుగు ఎక్కడుంటే నకళ్లు తయారయ్యేది అక్కడ. ఆ వైరస్‌ను కణాలున్న ఒక పళ్లెం నుంచి మరో పళ్లానికి మార్చి పెంచుతూ పోవడం సేయిని వంతు. వెలుగు చూపే మైక్రోస్కోపు పక్క భవనంలో ఉంది, దానికి వరసలో ఆగాలి. ఈలోగా, వైరస్ పెరిగి కణాలు చచ్చిన చోట పడే మచ్చల్లో ఏది పెద్దగా ఉంటే అందులోంచే వైరస్ తీసి ముందుకు నడిపింది. టారో చేమదుంప పిలకల్లోనూ బలమైనదాన్నే కదా మేం నాటేది.

వరస వచ్చింది. తెర మీద చీకటి.

"వైరస్ బరువు దించేసుకుంది, సేయినీ," అంది బ్రాన్విన్. "గుర్తును ఊడగొట్టుకున్నవే తొందరగా పెరిగాయి."

"నేను వాటినే ఏరాను."

"నేను చూస్తూ ఊరుకున్నానుగా! ముందు టీ తాగు. మొదటి పళ్లెంలోది ఫ్రీజరులో ఉందా?"

"ఒక్క గొట్టం."

"అదీ పోతే మళ్లీ మొదటికే. అన్నాళ్లు మనకి డబ్బివ్వరు."

ఈసారి సేయిని ఆ గొట్టంలోదాన్ని పెంచి, చిన్న మచ్చలే ఏరింది. కుంటి గొర్రె కోసం కాపరి ఆగినట్టు, వెలుగుందని చూసుకున్నాకే ప్రతి అడుగూ వేసింది. ఆలస్యమైన సాయంత్రాల్లో తెవితా చేమాకుల్లో మాంసం పెట్టి వండిన వేడివేడి లూ పొట్లం కోటులో చుట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఆ రోజుల్లో ఏడిపించడం మానేశాడు.

చివరికి ఒక పొద్దున, కణం కేంద్రకం చుట్టూ సన్నని పచ్చ చుక్కలు కనబడ్డాయి. బ్రాన్విన్ మా చర్చి భోజనాలకు వచ్చినప్పుడు చెప్పింది, చప్పట్లు కొట్టబోయి సేయిని ముఖం చూసి ఆగిపోయానని. సేయిని కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆనాడు పిల్ల తలాపున కూర్చున్నట్టే తెర పక్కన కూర్చుందట.

"ఇక్కడా నువ్వు దాక్కున్నది," అందట మెల్లగా. తర్వాత తల వంచి కళ్లు మూసుకుంది.

బ్రాన్విన్ బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.