టీచర్ గారు దిద్దిన కామెంట్లు

టీచర్ గారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ముక్కూ మొహం తెలియని ఒకావిడ బ్లాగు కింద కామెంటు రాస్తున్నాను. ఆవిడ చెన్నైలో ఉంటారట. మేడ మీద కుండీలో కాసిన మొదటి బీరకాయ గురించి రాసుకున్నారు. తొక్కు పారేయకండి, పచ్చడికి బాగుంటుంది అని సగం టైపు చేశానో లేదో ఫోన్ మోగింది. టీచర్ గారి చెల్లెలు గారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా, పొద్దున్న ఆరింటికి" అన్నారు. నేను "ఆయ్" అన్నాను. మా వైపు ఎవరేం చెప్పినా ముందు నోట్లోంచి వచ్చేది అదే. చావు కబురుకి కూడా ఆయ్ అన్నానని కాసేపటికి గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

మీకు నేను తెలియదు కాబట్టి కొంచెం చెప్పుకోవాలి. మాది పి.గన్నవరం దగ్గర కాలవ గట్టు మీది ఊరు. మా ఆయన కొబ్బరి దింపులు తీసేవారు. మూడేళ్ళ కిందట వానల్లో చెట్టు మీంచి జారి పడ్డారు. ప్రాణం దక్కింది గానీ నడుం విరిగి మంచానికి అతుక్కుపోయారు. పాప అప్పుడు రెండో తరగతి. నాకు చేతనైంది కొబ్బరి లౌజు, అదే కొబ్బరికోరు పాకం పట్టి చేసే మిఠాయి, చేయడం ఒక్కటే. ఇంటింటికీ కొబ్బరి చెట్లున్న చోట, ప్రతి ఆడమనిషికీ లౌజు చేయడం వచ్చిన చోట దాన్ని ఎవరు కొంటారు? అందుకని మా ఊళ్ళో దిక్కు తోచని ఆడవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. కువైట్‌లో ఇంటిపనికి దరఖాస్తు పెట్టుకున్నాను. దసరా వెళ్ళగానే ప్రయాణం, రెండేళ్ళ దాకా మళ్ళీ రావడం కుదరదు అన్నాడు ఏజెంటు. లేచి కూర్చోలేని మనిషినీ, ఏడేళ్ళ పిల్లనీ ఎవరికి అప్పగించి వెళ్ళాలి? దసరాలోగా లౌజు అమ్ముడుపోతే ఉండిపోతాను, లేకపోతే విమానం ఎక్కుతాను. నాకు మూడో దారి లేదు.

నెట్ సెంటర్ ఆయన ఒక బ్లాగు తెరిచి పెట్టాడు. లౌజు ఫోటోలు, మా ఊరి పేరు పెట్టాను, ఎలా చేస్తానో రాశాను. నెల రోజులు పొద్దున్నా సాయంత్రం తెరిచి చూసుకునేదాన్ని. ఒక్కరూ రాలేదు. "ఊరికే కూర్చుంటే ఎవరొస్తారండీ? వేరేవాళ్ళ బ్లాగుల కింద ప్రకటన పెట్టండి, ఖర్చు లేని ప్రచారం" అన్నాడాయన. అంతే, ఒక ఆదివారం కూర్చుని నలభై బ్లాగుల కింద ఒకే మాట అతికించాను. 'చాలా బాగుందండీ! మీలాంటి వారి కోసమే మా కోనసీమ కొబ్బరి లౌజు. ఆర్డర్లకు ఫోన్ చేయండి' అని, కింద నంబరు. ఏ బ్లాగులో ఏముందో నేను చదవలేదు. అడుక్కునేవాడికి ఇంటి రంగుతో పనేముంది, అలాగే ఉండేది అప్పుడు నా మనసు.

మర్నాడు సాయంత్రం గుమ్మం ముందు ఆటో ఆగింది. నేత చీర, మగవాళ్ళ గొడుగు, భుజానికి గుడ్డ సంచీ. కాలవ అవతలి ఊళ్ళో హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచర్ గారు. ఆవిడ గురించి వినడమే గానీ అదే మొదటిసారి చూడటం.

"లౌజు చేసేది నువ్వేనామ్మా? నీ ప్రకటన చూసి వచ్చేను."

"ఆయ్, నేనేనండి. లోపలికి రండి."

"ఎక్కడెక్కడ పెట్టేవమ్మా అది?"

"నలభై బ్లాగుల్లోనండి" అన్నాను. గర్వంగానే అన్నాను.

"వాటిల్లో ఏం రాసుకున్నారో చదివేవా?"

"లేదండి. ఖాళీ ఎక్కడిదండి?"

ఆవిడ నా వంక చూశారు. లోపల మంచం మీదున్న మా ఆయన వంక చూశారు. "సరే, అరకిలో కట్టు" అన్నారు. నేను పొట్లం కడుతుంటే గోడకి చేరబడి ఉన్న కొత్త సూట్‌కేసు ఎవరిదని అడిగారు. చెప్పాను. పొట్లం సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత ఒక వందపేజీల నోటుబుక్కుతో వచ్చారు. ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. చర్చిలో మీటింగున్నా సరే, అది ముగించుకుని వచ్చేవారు. ఏ బ్లాగులు చదవాలో ఆవిడే వెతికి రాసుకొచ్చేవారు. పెద్ద పెద్దవి కావు. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు, వంటలు రాసుకునేవాళ్ళు, చదివే దిక్కు లేక రాసుకుంటున్నవాళ్ళు. నేను చివరిదాకా చదివి, రాయదలచుకున్న మాట ముందు నోటుబుక్కులో రాయాలి. ఆవిడ ఎర్ర పెన్నుతో దిద్దుతారు. ఆ తర్వాతే ఫోన్లో ఎక్కించాలి.

నా మొదటి కామెంటు మీద నిలువునా గీత పెట్టేశారు. "చాలా బాగుంది అనకమ్మా. ఏం బాగుందో చెప్పు. చదివేవని వాళ్ళకెలా తెలుస్తుంది?" రెండోదానిలో చివర మా లౌజు సంగతి కలిపాను. దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "మీ ఇళ్ళల్లో పేరంటానికి పిలవడానికెళ్తే ఏం చేస్తారే? వీధిలోంచే కేకేసి పోతారా? లోపలికెళ్ళి కూర్చుని, వాళ్ళ పిల్లకి జ్వరం తగ్గిందా లేదా అడిగి, లేచొచ్చేటప్పుడు కదా బొట్టు పెట్టి పిలిచేది! మీ పద్ధతి నాకు తెలుసు, నీకు తెలీదా?" అన్నారు. చర్చికెళ్ళే మనిషి నాకు పేరంటం పిలుపులు నేర్పుతున్నారని మా ఆయన మంచం మీంచి నవ్వారు. చెట్టు మీంచి పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు.

"మరి లౌజు సంగతి ఎప్పుడు చెప్పాలండి?"

"చెప్పక్కర్లేదమ్మా. నీ పేరు నొక్కితే నీ బ్లాగొస్తుంది కదా. నువ్వు పనికొచ్చే మాట చెప్తే వాళ్ళే నొక్కుతారు. ఆ బ్లాగు చదివే మిగతావాళ్ళూ నొక్కుతారు."

నాకు నమ్మకం కలగలేదు. దసరా ఇంక మూడు వారాలుంది. ఒక శుక్రవారం ఏజెంటు ఫోన్ చేసి మెడికల్ టెస్టుకి రమ్మన్నాడు. అప్పుడే టీచర్ గారు నోటుబుక్కు తెరిచి, నేను రాసిన దాంట్లో ఏదో వాక్యం మార్చమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరి పెరట్లోనో మల్లెమొక్క చచ్చిపోయిందని నేను పరామర్శలు రాస్తే నా ఇల్లు గడుస్తుందాండి? మీకేం, పెన్షనొస్తుంది" అనేశాను. ఆవిడకి కోపం వస్తే బాగుండేది. పెన్ను మూత పెట్టి, "నిజమేనమ్మా" అన్నారు. గొడుగు తీసుకుని గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆటో కూడా పిలవలేదు. మంగళవారం మళ్ళీ వచ్చారు, ఏమీ జరగనట్టే. నేను క్షమించమని అడగలేదు. అడగాల్సింది.

ఆ మంగళవారమే హైదరాబాద్ నుంచి వంటలు రాసే ఒకావిడ, లౌజు చేద్దామంటే పాకం ముదిరి ఇసకలా అయిపోయిందని రాసుకున్నారు. నేను నోటుబుక్కు కూడా తీయకుండా, పారేయకండి, కాసిని పాలు చిలకరించి సన్నసెగ మీద మళ్ళీ తిప్పండి, ఈసారి లేతపాకంలోనే కోరు వేయండి అని నేరుగా ఫోన్లో రాసేశాను. టీచర్ గారు చదివి, "దీనికి పెన్ను అక్కర్లేదు" అన్నారు. మర్నాటికి హైదరాబాద్ ఆవిడ జవాబిచ్చారు, లౌజు కుదిరిందని. ఆవిడ పాఠకులు ఇంకేవో అడిగారు. అన్నిటికీ ఓపిగ్గా చెప్పాను. వాళ్ళలో ఎవరో నా పేరు నొక్కారు. ఆ వారం ఏడు ఆర్డర్లొచ్చాయి. దసరా నాటికి నేనూ, మా తోడికోడలూ కలిసి కోరినా కొబ్బరి సరిపోలేదు. ఏజెంటుకి ఫోన్ చేసి రానని చెప్పినప్పుడు పాప నా చీర పట్టుకుని నిలబడి ఉంది. సూట్‌కేసు ఇప్పుడు ప్యాకింగ్ కవర్లు పెట్టుకోవడానికి వాడుతున్నాం.

ఇదంతా వ్యాపార కిటుకు అంటే టీచర్ గారు ఒప్పుకునేవారు కాదు. కిటుకు కాదు అని కూడా అనేవారు కాదు. "నీకు ఆర్డరొచ్చింది, ఆవిడకి పలకరించే మనిషి దొరికింది. ఇద్దరికీ లాభమైతే తప్పేంటమ్మా?" అనేవారు. షుగరున్నా చిన్న ముక్క నోట్లో వేసుకుని, యాలకులు తక్కువయ్యాయనో ఎక్కువయ్యాయనో ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టేవారు. అది కూడా దిద్దడమే.

రెండు నెలల కిందట ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. ఆవిడ పోవడానికి పదకొండు రోజుల ముందు, అమలాపురంలో ఆసుపత్రిలో ఉంటే చూడటానికి వెళ్ళాను. చెయ్యి వాచి ఉంది. ఆ చేత్తోనే సంచీలోంచి ఒక చీటీ తీసి ఇచ్చారు.

"నాకూ ఓ బ్లాగుందమ్మాయ్. ఖాళీ ఉన్నప్పుడు ఓసారి చూస్తావా?"

"ఆయ్, చూస్తానండి" అన్నాను.

అన్నాను. చీటీ తీసుకెళ్ళి యాలకుల డబ్బాలో పడేశాను. శ్రావణ మాసం, ఊపిరి సలపని ఆర్డర్లు. ఆ పదకొండు రోజుల్లో కూడా నేను రోజుకి నాలుగైదు బ్లాగులు చదివాను. చెన్నై ఆవిడ బీరకాయ చదివాను. నాకు ఇన్ని నేర్పిన మనిషి చేత్తో ఇచ్చిన చీటీ మాత్రం విప్పలేదు. కాదనడం చేతకాక ఆయ్ అనేసి, అన్నాం కదా, అదే చేసినట్టని ఊరుకునే జబ్బు మా వైపు ఉంది. నాకు కొంచెం ఎక్కువే ఉంది.

ఆ మధ్యాహ్నమే సమాధుల తోటలో మట్టి వేసి వచ్చి, స్నానం చేసి, డబ్బా మూత తీశాను. చీటీ యాలకుల వాసన వేస్తోంది. బ్లాగు మీద ఆవిడ పేరు లేదు, ఫోటో లేదు. ఒక టీచరు అని ఉంది, అంతే. ఎనిమిదేళ్ళుగా రాస్తున్నారు. కిందికి జరుపుతూ పోయాను. ప్రతి పోస్టు కిందా కామెంట్లు సున్నా. సున్నా. సున్నా. ఎందుకుండవు? ఎవరి గుమ్మంలోనూ ఆవిడ తన పేరుతో పలకరించనే లేదు కదా. వెతికిన బ్లాగులన్నీ నాకు ఇచ్చేశారు, చెప్పాల్సిన మాటలన్నీ నా నోటుబుక్కులో దిద్దారు. అవన్నీ నా పేరు మీద వెళ్ళాయి.

మూడేళ్ళ కిందటి ఒక్క పోస్టు కింద మాత్రం రెండు కామెంట్లున్నాయి. అది ఆవిడ భర్త పోయిన నెలకి రాసుకున్నది. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఆయన పక్కన కూర్చుని రోల్ నంబర్ల వరసలో పేర్చి ఇచ్చేవారట. రిటైరయ్యాక దిద్దడానికి పేపర్లు లేకపోయినా బజారుకి వెళ్ళినప్పుడల్లా ఒక ఎర్ర రీఫిల్లు కొనుక్కొచ్చేవారట, అలవాటు కొద్దీ. ఆయన పోయాక సొరుగు తెరిస్తే రబ్బరుబ్యాండు చుట్టిన రీఫిల్లుల కట్ట కనబడింది, ఇన్ని రీఫిల్లులు పెట్టుకుని ఇప్పుడు నేనేం దిద్దను అని ఆ పోస్టు ముగించారు.

దాని కింద మొదటి కామెంటు: 'చాలా బాగుందండీ! మీలాంటి వారి కోసమే మా కోనసీమ కొబ్బరి లౌజు. ఆర్డర్లకు ఫోన్ చేయండి.'

నాదే. నా నంబరే.

దాని కింద ఆవిడ జవాబు: 'మీ ఊరు మాకు కాలవ అవతలే అమ్మా. రేపు వచ్చి తీసుకుంటాను.'

ఫోన్ పక్కన పడేశాను. మొగుడు పోయి నెలే అయిన మనిషి ఏడుపు కింద నేను లౌజు అమ్మాను. ఆవిడ నా బ్లాగులో ఊరి పేరు చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చారు, తిట్టడానికి కాదు, అరకిలో కొనడానికి. చదివేవా అని అడిగారు. ఖాళీ ఎక్కడిదండి అన్నాను. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నోరు జారలేదు. మీకేం అని నేను ఎగిరిపడ్డ రోజున కూడా చెప్పలేదు. ఎవరి కాళ్ళు పట్టుకోవాలి ఇప్పుడు? ఏ ఊరెళ్ళి, ఎవరి గుమ్మంలో నిలబడి చెప్పుకుంటే ఇది తీరుతుంది?

ఆ కామెంటు చెరిపేయాలని వేలు పెట్టాను. నాది చెరిపేస్తే ఆవిడ జవాబు ఎవరికిచ్చినట్టో తెలియకుండా పోతుంది. రేపు వస్తానన్న మాట అక్కడ ఒంటరిగా వేలాడుతుంది. ఉంచేశాను. చూసినవాళ్ళు నన్ను తిట్టుకోనీ.

తర్వాత నోటుబుక్కు తీశాను. ఆవిడ చెప్పినట్టే పోస్టు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. ఏం బాగుందో రాశాను. చాలా బాగుంది అనలేదు. మా లౌజు ఊసెత్తలేదు. ఆ రీఫిల్లుల్లో ఎన్ని నా మీద అయిపోయాయో, దాని వల్ల మా ఇంట్లో ఎవరు ఎవరిని విడిచి వెళ్ళలేదో రాశాను. ఆవిడ గట్టు వెంట నడిచి వెళ్ళిపోయిన ఆ శుక్రవారం గురించి కూడా రాశాను. పేజీన్నర వచ్చింది.

ఆరోజు శుక్రవారమే. నోటుబుక్కు గుమ్మం దగ్గర ఆవిడ కూర్చునే పీట మీద పెట్టి, పొద్దు వాలేదాకా చూశాను. పాపకి ఇంకా కబురు తెలియదు. స్కూలు నుంచి వచ్చి, నోటుబుక్కు తిప్పి చూసి, "అమ్మా, టీచర్ గారు దీన్ని దిద్దలేదేంటి?" అంది. చూశాను. పేజీన్నర, ఎక్కడా ఒక్క ఎర్ర గీత లేదు.